చేపలు సంతృప్తి వ్యక్తం చేశాయి

దేవరకొండకు బస్సులో అరగంట దూరంలో ఉన్న ఒక పట్టణంలో, గుట్టకింది బస్తీ మూడో గల్లీలో, ఆఫ్రికా ఖండానికి చెందిన ఇరవై నలుగురు శాశ్వత నివాసం ఏర్పరచుకున్నారని ప్రజలకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పట్టణం పేరు రాస్తే అక్కడి ఆఫీసు వారు నొచ్చుకుంటారు కనుక రాయడం లేదు. వచ్చినవారందరూ చేపలు. కాపురం ఉంటున్నది జూనియర్ అసిస్టెంట్ విజేందర్ ఇంటి ముందుగదిలో, నాలుగడుగుల అద్దాల తొట్టిలో. వీటిని సిక్లిడ్లు అంటారు. పసుపు, నీలం, నారింజ రంగుల్లో మెరిసిపోతుంటాయి. మూలన ఉన్న ఒక్క రాయి కోసం రోజంతా కొట్లాడుకుంటాయి. మేత వేసే చెయ్యి కనబడగానే కొట్లాట మాని వరసలో నిలబడతాయి. రంగులు తప్ప మిగతా లక్షణాలన్నీ తన ఆఫీసులోనూ ఉన్నాయని విజేందర్ అంటుంటాడు. ఇంట్లో మాత్రమే అంటుంటాడు.

ఈ చేపలను పెంచడానికి హైదరాబాద్‌లో పెద్ద పెద్దవాళ్ళు పడే అవస్థ చెప్పనలవి కాదు. అక్కడి నల్లా నీళ్ళు మెత్తనివి. ఈ చేపలు పుట్టిన సరస్సుల నీళ్ళు గట్టివి. కాబట్టి వాళ్ళు రకరకాల ఉప్పులు కొని తెచ్చి, తూచి, కలిపి, కాగితప్పట్టీలతో పరీక్షలు చేసుకుంటూ ఉంటారు. విజేందర్‌కు ఆ బాధ లేదు. బోరు మోటారు వేస్తాడు, అంతే. ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు. కందిపప్పు పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి కూడా పలుకు పలుకుగానే ఉంటుంది. గిన్నెల అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. ఆ నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల మూడో గల్లీలో పుట్టి పెరిగిన వాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉంటాయి, యాభై దాటితే మోకాళ్ళు వంకరపోతాయి. ఇంతటి నాణ్యమైన గట్టినీళ్ళు ఆఫ్రికా బయట ఇక్కడే దొరుకుతాయని విజేందర్ పరిశోధించి తేల్చాడు.

అతని తల్లి సోమమ్మ జీవితమంతా గొర్రెల మంద కాసిన మనిషి. నూటయాభై గొర్రెలను ముఖం చూసి గుర్తుపట్టేది. ఇప్పుడు మోకాళ్ళు లేవక తొట్టి ముందు కుర్చీలో కూర్చుని చేపలను గుర్తుపడుతోంది. అందరినీ తరిమే నీలం చేపకు పొట్టేలు అని పేరు పెట్టింది. ఒక పసుపు చేప పది రోజులుగా మేత ముట్టకపోతే జబ్బు చేసిందని విజేందర్ కంగారుపడి పుస్తకాలు తిరగేశాడు. "జబ్బు లేదు, గిబ్బు లేదు. దాని నోట్లె పిల్లలున్నయి. జర ఓపిక పట్టు" అంది సోమమ్మ. వారం తిరిగేసరికి ఆ తల్లి నోట్లోంచి పద్నాలుగు పిల్లలు బయటికొచ్చాయి. వాటిని చూసి మురిసిపోయి, కాసేపటికి తన మోకాళ్ళు నిమురుకుంటూ ఆమె ఒక మాట అడిగింది.

"కొడుకా, మన నీళ్ళు ఆఫ్రికా చేపలకు పడ్డయి గని, ఈడనే పుట్టిన నాకెందుకు పడలేదురా?"

ఇది శాస్త్రీయమైన ప్రశ్న. విజేందర్ దగ్గర దీనికి జవాబు ఉంది. కానీ ఆ సమయంలో అతను ఫోటో తీస్తున్నాడు.

ఫోటో తియ్యడమంటే మామూలు విషయం కాదు. ముందు ఫ్యాను ఆపాలి. నేల అదరకుండా ఇంట్లో ఎవరూ నడవకూడదు. అద్దంలో తన నీడ పడకుండా విజేందర్ తల నుంచి మోకాళ్ళ దాకా నల్లదుప్పటి కప్పుకుంటాడు. దవాఖానలో నర్సు డ్యూటీ ముగించుకుని వచ్చిన భార్య కోమల స్టూలెక్కి పైనుంచి దీపం పట్టుకుంటుంది. తొట్టి పక్కన ముఖం చూసుకునే చిన్న అద్దం పెడితే పొట్టేలు తన నీడను చూసి ఎవరో పోటీకి వచ్చారనుకుని రెక్కలన్నీ విప్పి రంగు తేలుతుంది. ఆ క్షణంలో నొక్కాలి. ఇలా మూడేళ్ళలో పదకొండు వేల ఫోటోలు పోగయ్యాయి. వాటిలో నాలుగు బాగుంటాయి. తన పెళ్ళి ఫోటోలు ఏ పెట్టెలో ఉన్నాయో విజేందర్‌కు తెలియదు.

ఫోటోలన్నీ దేశం నలుమూలల చేపల ప్రేమికులు ఉన్న వాట్సాప్ గ్రూపులోకి వెళతాయి. కింద "నల్లగొండ జిల్లా సహజ బోరు నీళ్ళు, ఏ మందూ కలపలేదు" అని రాస్తాడు. "ఎంత అదృష్టవంతులండీ, మాకు అలాంటి నీళ్ళు దొరకవు" అని ఒక పెద్దమనిషి రాశాడు. నీళ్ళ విషయంలో ఈ జిల్లాను చూసి ఒకరు అసూయపడటం విజేందర్‌కు తెలిసి అదే మొదటిసారి. ఆ మాటను భార్యకు రెండుసార్లు చదివి వినిపించాడు.

"రేపు దవాఖానకు రా. ఆ అదృష్టవంతులు ఊతకట్టెలు పట్టుకొని లైన్ల నిలబడ్తరు, చూపిస్త" అంది కోమల.

కోమల ఊరికే అనలేదు. నది నీళ్ళ నల్లా అప్పటికే బజారుదాకా, ఆఫీసర్ల క్వార్టర్ల దాకా వచ్చింది. గుట్టకింది బస్తీకి ముందున్న కల్వర్టు దగ్గర ఆగిపోయింది. కోమల, పక్కింటి బిక్షమ్మ కలిసి అరవై మూడు ఇళ్ళు తిరిగి సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు. సోమమ్మ కట్టె పట్టుకుని ఇరవై ఇళ్ళ దాకా నడిచి, ఆపైన నడవలేక గల్లీ మలుపులో అరుగు మీద కూర్చుంది. దరఖాస్తు ఆఫీసుకు చేరి, నంబరు వేయించుకుని, బల్ల బల్లా తిరిగి, ఎనిమిదో నెలలో నీళ్ళ సెక్షన్ చూసే విజేందర్ బల్ల మీదికే వచ్చింది.

"మన విజేందర్ చేతులనే ఉన్నదట ఫైలు. ఇగ ఫికర్ లేదు" అని బిక్షమ్మ గల్లీ అంతా చెప్పింది. ఈసారి వానాకాలం లోపే నల్లా వస్తుందని బస్తీ నమ్మింది. విజేందర్ కూడా నమ్మాడు.

ఆ వారమే పొట్టేలు ఫోటో అద్భుతంగా కుదిరింది. రెక్క రెక్కా విడిగా, పొలుసు పొలుసూ నీలంగా. దాన్ని విజేందర్ శుభోదయం అని రాసి ఆఫీసు గ్రూపులో పెట్టాడు, కింద మామూలుగా రాసే నీళ్ళ మాట కూడా రాశాడు. పెద్దసారు చూశారు. చూసి ఊరుకునే స్వభావం కాదు వారిది. మర్నాడే ఇద్దరు ఇంజనీర్లను, ఒక ఫోటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని ఇంటికి దయచేశారు. కుర్చీ మీద కొత్త తువ్వాలు పరిచారు. సారు తొట్టి ముందు కూర్చుని, ఎడమవైపు, కుడివైపు, మేత వేస్తూ, మేత వేసినట్టు నటిస్తూ ఫోటోలు దిగి ప్రసంగించారు.

"మనం నీటి పరీక్షల కోసం ల్యాబులకు పరుగెడుతున్నాం. కానీ మిత్రులారా, ప్రకృతి కన్నా గొప్ప ల్యాబు ఏది? వేల మైళ్ళ దూరం నుంచి వచ్చిన అతి సున్నితమైన జీవి ఈ బస్తీ బోరు నీళ్ళలో పిల్లాపాపలతో వర్ధిల్లుతోంది. ఈ నీళ్ళు బాగాలేవని మనకు దరఖాస్తు వచ్చింది. మనం ఎవరి మాట నమ్మాలి? మనుషులకు కోరికలుంటాయి. చేపకు రాజకీయాలు లేవు!"

ఇంజనీర్లు చప్పట్లు కొట్టారు. సారు విజేందర్ భుజం తట్టి, రాష్ట్ర అవతరణ దినోత్సవం నాడు ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రానికి అతని పేరు పంపుతున్నట్టు అక్కడే ప్రకటించారు.

సిక్లిడ్లలో ఒక అలవాటుంది. తొట్టిలో పెద్ద మగచేప ఎదురైతే చిన్న మగచేపలు తమ రంగు దాచేసుకుని బూడిదరంగులోకి మారిపోతాయి. దీని మీద విజేందర్ గ్రూపులో రెండు పేజీల వ్యాసం రాశాడు. ఆ రోజు అతను నోరు తెరిచిన మాట నిజం. "సార్, ఈ జాతి చేపలు…" అని మొదలుపెట్టాడు కూడా. ఈ చేపలకు ఇలాంటి నీళ్ళే కావాలి, మనుషులకు పనికిరావు అని ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. గుమ్మంలో కోమల, కిటికీ దగ్గర బిక్షమ్మ ఆ వాక్యం కోసమే చూస్తున్నారు.

"చెప్పండి విజేందర్" అన్నారు సారు.

"చాలా సంతోషంగా ఉన్నాయి సార్" అన్నాడు విజేందర్.

ఫైలు మీద నోటు విజేందరే రాశాడు. అతని దస్తూరి ఆఫీసులో అందరికన్నా గుండ్రంగా ఉంటుంది. "క్షేత్రస్థాయి పరిశీలనలో సదరు బస్తీ నీటి పట్ల చేపలు సంతృప్తి వ్యక్తం చేసినందున, నల్లా అభ్యర్థన ముగించవచ్చును. జతపరచినవి: రంగుల ఫోటోలు ఆరు." కింద సారు ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు. ఫోటోల నాణ్యతను ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఇంటికొచ్చాక కోమల అరవలేదు. ఆ రోజు నుంచి దీపం పట్టుకోవడం మాత్రం మానేసింది. సోమమ్మ తొట్టి ముందు నుంచి తన కుర్చీని వాకిట్లోకి వేయించుకుంది. విజేందర్‌కు ఆ నోటు వెనక్కి తీసుకునే ధైర్యం రాలేదు.

మంచి ఆలోచన ఒక ఫైలుతో ఆగదు. నీళ్ళు బాగాలేవని దరఖాస్తు పెట్టుకున్న మరో అయిదు బస్తీల్లోనూ మత్స్య పరీక్ష జరపాలని ఉత్తర్వు వచ్చింది. విజేందర్ బస్తీకి రెండేసి చేపలను గాజుసీసాల్లో పట్టుకెళ్ళి వారం ఉంచాడు. పది చేపలూ బతికాయి. అయిదు ఫైళ్ళూ ముగిశాయి. జూన్ రెండున జెండా కింద ప్రశంసాపత్రం అందింది. అందులో అతని సేవా రంగం "తాగునీరు" అని ఉంది.

సంతోషంలో సారు తమ క్వార్టరులోనూ తొట్టి పెట్టించుకుని, విజేందర్ సెలవులో ఉన్న రోజు తామే స్వయంగా నల్లా తిప్పి నింపించి, ఎనిమిది చేపలను వదిలించారు. నల్లా నీళ్ళలో క్రిములు చావడానికి మందు కలుపుతారు, ఒక రోజు నిలవ ఉంచితే గానీ అది ఎగిరిపోదు. తెల్లారేసరికి ఎనిమిదీ వెల్లకిలా తేలాయి. అమలులో ఉన్న విధానం ప్రకారం చేప చచ్చిన నీరు పరీక్షలో తప్పినట్టే. నల్లా నీళ్ళు సురక్షితం కాదని రాస్తే పైవాళ్ళు ఊరుకోరు. అందువల్ల మధ్యేమార్గంగా, పట్టణంలో ధ్రువీకరించబడిన అత్యుత్తమ జలమైన మూడో గల్లీ బోరు నీటిని వారానికి రెండుసార్లు ట్యాంకరులో క్వార్టర్లకు తరలించాలని, ఆ రెండు రోజులు బస్తీవారు సహకరించాలని ఆదేశించారు.

ట్యాంకరు వచ్చిన మొదటి రోజు ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో నిలబడి చూశారు. మంచి నీళ్ళు అడిగితే ఉన్న నీళ్ళు పోయాయి. బిక్షమ్మ నేరుగా విజేందర్ ఇంట్లోకి వచ్చింది.

"తమ్మీ, నిన్ను తిట్టడానికి రాలె. చదువుకున్నోనివి, నువ్వే చెప్పు. మా నోట్లకు పోయే నీళ్ళ సంగతి చేపనడిగిండ్రు. మమ్మల్ని ఒక్కసారన్న అడగొద్దా?"

విజేందర్‌కు ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. వాకిట్లోంచి సోమమ్మ పిలిచింది.

"మనుషుల పేర్లు రాస్తే ఆగమైంది గద కొడుకా. ఆళ్ళకు చేపల మాటే ఇనబడ్తది. చేపల పేర్లే రాయి."

విజేందర్ తన పదకొండు వేల ఫోటోల జీవితంలో మొదటిసారి ఆ విద్యను పనికి పెట్టాడు. దక్షిణ అమెరికా నదుల్లో పుట్టే ఒక రకం చేపలున్నాయి, పల్చగా, నిలువు చారలతో. వాటికి గట్టినీళ్ళు గిట్టవు, మెత్తటి నది నీళ్ళే కావాలి. హైదరాబాద్ వెళ్ళి వాటిలో రెండింటిని తెచ్చి, కొన్న శుద్ధిచేసిన డబ్బా నీళ్ళలో ఉంచాడు. ఆ రెండింటినే అరవై మూడు ఇళ్ళకు తిప్పాడు. ఒక ఇంట్లో పోపుడబ్బాల పక్కన, ఒక ఇంట్లో దేవుడి పటం కింద, ఒకసారి కుడివైపు నుంచి, ఒకసారి ఎడమవైపు నుంచి ఫోటోలు తీశాడు. కోమల మళ్ళీ స్టూలెక్కి దీపం పట్టుకుంది. దరఖాస్తు అతనే రాశాడు. "రెండో ఖండం నుంచి విచ్చేసిన నూటా ఇరవై ఆరు చేపలు మా బస్తీలో బోరు నీటి వల్ల తీవ్ర ఇబ్బంది పడుతున్నాయి. నల్లా నీటిని ఒక రోజు నిలవ ఉంచి వాడితే వాటి ప్రాణాలు నిలుస్తాయని మనవి."

తనిఖీకి ఇంజనీరు వచ్చాడు. ఆయన ముందు గుమ్మంలోకి వచ్చేలోపు చేపల సీసా వెనక గుమ్మంలోంచి పక్కింటికి వెళ్ళింది. నలభయ్యో ఇంట్లో ఆయనకు అనుమానం వచ్చింది. "అన్నీ ఒకే తీరున్నాయే?" అన్నాడు. "ఒక్క తల్లి పిల్లలు సారూ" అంది బిక్షమ్మ.

మనుషుల దరఖాస్తు ఎనిమిది నెలలు నడిచి ముగిసింది. చేపలది తొమ్మిదో రోజున మంజూరైంది. మంజూరు పత్రంలో సారు తమ చేతిరాతతో "ఆలస్యాన్ని సహించేది లేదు" అని రాశారు. వానలు ముగిసేలోపు పైపులు కల్వర్టు దాటి వచ్చాయి. ట్యాంకరు మాత్రం బోరు నీళ్ళ కోసం ఇప్పటికీ వస్తూనే ఉంది, దాని గురించి ఇప్పుడు ఎవరికీ పేచీ లేదు.

నల్లా తిప్పిన రోజు సోమమ్మ కట్టె పట్టుకుని వచ్చి మొదటి గ్లాసు తాగింది. "మెత్తగున్నయి కొడుకా" అని కొడుకు చెంప నిమిరింది. విజేందర్ ఈ ఒక్క గ్లాసు కోసం చెప్పాల్సిన ఒక్క వాక్యం చెప్పలేక ఎన్ని అబద్ధాలు ఆడాల్సి వచ్చిందో లెక్కవేసుకుని, ఆ లెక్క మధ్యలో మానేశాడు. మరుక్షణమే రిజిస్టరు వచ్చింది, సంతకం పెట్టమన్నారు. లబ్ధిదారులు: చేపలు, రెండు. సంరక్షకురాలు: సోమమ్మ, వేలిముద్ర. గమనిక: మిగిలిన నీటిని సంరక్షకులు వాడుకొనుటకు అభ్యంతరం లేదు.

ఇది చదువుతున్న మీ వాడకట్టుకు నల్లా ఇంకా రాకపోతే అధికారులను అనవసరంగా ఆడిపోసుకోకండి. దరఖాస్తు తీసి ఒకసారి చూసుకోండి. తెలియక అందులో మనుషుల పేర్లు రాసి ఉంటారు.