తడి మెదడు సిద్ధాంతం

ఒక పెద్ద అడవిలో ఎండలు ముదిరాయంటే నీళ్ళుండే మడుగు ఒక్కటే మిగిలేది. అక్కడ ఎవరు ముందు తాగాలి, ఎవరు తర్వాత తాగాలి అని తగువు తీర్చే కొలువు ముళ్ళపంది మాణిక్యమ్మది. ఒళ్ళంతా ముళ్ళు కాబట్టి ఆవిణ్ణి తోసుకుని పోయే ధైర్యం ఎవరికీ లేదు. పసికూనలకూ, చూలుతో ఉన్నవాళ్ళకూ మొదటి వరస. కోరలున్న పెద్దమనుషులు ఆ తర్వాతే.

ఒకనాడు నిండు చూలాలు లేడి తాగుతుండగా రాజుగారైన పెద్దపులి వచ్చింది.

"కాస్త ఆగండి మహాప్రభూ, ఆ పిల్లని కానివ్వండి" అంది మాణిక్యమ్మ.

పులి ఆగింది. ఆగినంతసేపూ కోతులు కొమ్మల మీద నుంచి చూసి నవ్వాయి. దాహమైతే తీరింది గానీ కడుపుమంట తీరలేదు.

"దాన్ని ఆ కొలువులోంచి పీకెయ్యాలి" అంది గుహకు రాగానే.

"ఒక్క తప్పూ చెయ్యలేదు ప్రభూ" అంది దివాను నక్క, గోళ్ళు చూసుకుంటూ. "ఆ కొలువు మా బావమరిదికి ఇప్పిద్దామని నేనూ ఎప్పట్నించో వెతుకుతున్నాను."

"మరెలా?"

"తప్పు దొరకనప్పుడు తత్త్వం చెప్పించాలి."

తత్త్వం చెప్పడానికి బకాచార్యులనే కొంగ దొరికింది. ఏటా సముద్రాలు దాటి వచ్చే శాల్తీ. పడమటి దేశాల పండితుల మాటలు అక్కడి చెరువుల ఒడ్డున విని వంటబట్టించుకుంది. ఒంటికాలి మీద కళ్ళు మూసుకుని నిలబడితే చాలు, మన అడవివాళ్ళకు అదంతా చదువేననిపించేది.

సభ కూడింది. కొంగ గొంతు సవరించుకుంది.

"మగవాడి ఒళ్ళు వేడి, పొడి. ఆడదాని ఒళ్ళు చలవ, తడి. ఆలోచన పొడిచోట నిలుస్తుంది, తడిచోట బూజు పడుతుంది. కనుక ఆడజాతికి బుద్ధి లేదు."

"మరి పొద్దస్తమానం నీళ్ళలో నిలబడే తమరి సంగతో?" అంది మాణిక్యమ్మ.

"తడిసేవి కాళ్ళు. నేను ఆలోచించేది తలతో."

"చేప కోసం ముంచేది ఆ తలనే కదయ్యా!"

కోతులు ఇకిలించాయి. కొంగ ఆ మాట విననట్టే ముందుకు పోయింది. "పైగా మగవాడిది పెద్ద దేహం. పెద్ద దేహంలోనే పెద్ద బుద్ధి ఉంటుంది."

"మా డేగల్లో ఆడవాళ్ళమే పెద్ద. మా ఆయన నాలో సగం ఉంటాడు" అంది కొమ్మ మీద కూర్చున్న డేగ.

"అలాంటి చోట చిన్న దేహంలో బుద్ధి చిక్కగా ఉంటుంది" అంది కొంగ.

మగవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఎటు తిప్పినా తమ వైపే వచ్చి ఆగే శాస్త్రం ఎవరికి చేదు?

శాసనం వెలువడింది. ఆడజాతికి బుద్ధి లేదు గనుక వారి తీర్పు గానీ, సాక్ష్యం గానీ, మాట గానీ చెల్లవు. "ఇదివరకు చెప్పినవి కూడా" అని నక్క చివర్లో చేర్పించింది. దొంగచాటుగా మడుగులో దిగినందుకు బావమరిదికి మాణిక్యమ్మ వేసిన శిక్ష ఒకటి రద్దు కావలసి ఉంది మరి.

బావమరిది కొలువెక్కాడు. ఆ సాయంత్రం కోరలున్నవాళ్ళు తాగారు, స్నానాలు చేశారు, మళ్ళీ తాగారు. జింకపిల్లలు బురద నాకి వెళ్ళిపోయాయి. అది చూసిన మాణిక్యమ్మకు ఒళ్ళు మండిపోయింది. తెల్లవారగానే సభకు వచ్చింది.

"మహాప్రభూ, చిన్న సందేహం."

"బుద్ధి లేనిదానివి, నీకు సందేహమేమిటమ్మా?" అంది నక్క.

"లేకే కదండీ అడుగుతున్నాను. ప్రభువులు ఆ రాతిగద్దె మీద ఏ హక్కుతో కూర్చున్నారు?"

పులి మీసం దువ్వింది. "ఇదేం ప్రశ్న? మా నాన్న ఈ అడవికి రాజు. ఆయన కొడుకుని కాబట్టి కూర్చున్నాను."

"ఆయన్ని తమరు చూశారా?"

"ఎలా చూస్తాను? నేను పుట్టకముందే కొండ అవతలికి వెళ్ళిపోయాడు. మా పులుల్లో అంతేగా."

"మరి ఆయనే తమరి నాన్నగారని ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబుతారు, మా అమ్మ..."

మాట మధ్యలోనే పులి నాలుక కరుచుకుంది. ఓ మూలనున్న చిరుతపులి లేచి, ఒళ్ళు విరుచుకుని, రాతికి దగ్గరగా జరిగి కూర్చుంది. "అయితే ఈ రాయి ఎవరిదీ కాదన్నమాట" అంది.

"దివానుగిరీ తాతల నాటిదేగా!" అంది పైనుంచి ఒక కోతి. నక్కకు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

పులి కొంగ మీదికి గాండ్రించింది. "ఏమయ్యా, ఏదో ఒకటి చెప్పు!"

"రాజమాతగారు మినహాయింపు ప్రభూ! ఆవిడ మెదడు అసాధారణమైన పొడి."

"మా అమ్మదీ పొడే!" అని అరిచింది నక్క.

"మా అమ్మకేం తక్కువ?" అంటూ ఎలుగుబంటి లేచింది. దాని వెనకే అడవిపందులు, దున్నపోతులు, ఆఖరికి బావమరిది కూడా లేచాడు. చూస్తుండగానే అడవిలోని తల్లులందరికీ బుద్ధి వచ్చేసింది.

"మరి ఇంక బుద్ధి లేనివాళ్ళు ఎవరు మిగిలారు?" అంది పులి.

అందరూ కొంగ వైపు చూశారు. ఆ ఏడు కొంగ వలస కాస్త ముందుగానే మొదలైంది.

శాసనం రద్దయింది. మాణిక్యమ్మ తిరిగి కొలువులోకి వెళ్ళింది. జింకపిల్లలు కడుపునిండా నీళ్ళు తాగాయి.

నీతి: ఆడవాళ్ళకు బుద్ధి లేదని నిరూపించదలచినవాడు, తన తండ్రి ఎవరో ముందుగా ఇంకెవరినైనా అడిగి తెలుసుకోవలెను.