నీలి వేలిముద్ర

"నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్లు, దొరకబోయేవాళ్లు," అని మా డిటెక్టివ్ భూతద్దం తుడుచుకుంటూ ప్రకటించాడు.

మొదటి రకంలో ఇంతవరకూ ఒక్కడూ లేడని నేను గుర్తు చేయలేదు. పాతికేళ్ల స్నేహం మరి. నాది రబ్బరు స్టాంపులు చేసే చిన్న కొట్టు. వాడికి కేసు తగిలినప్పుడల్లా నేను షట్టరు దించి వెంట నడవాల్సిందే.

ఈసారి కేసు వాళ్ల అక్కది. ఆవిడ పళ్ల డాక్టరు. నాలుగేళ్లుగా ఇంటి వెనక రేకుల షెడ్డులో, ఇద్దరు కూర్చునే చిన్న విమానం సొంతంగా కడుతోంది. రెక్కలూ తోకా ఇంజనూ అన్నీ బిగించేసింది. మర్నాడు తనిఖీ ఇంజనీరు వచ్చి సరేనంటే ఎగరడమే తరువాయి. తీరా చూస్తే మూడు రోజులుగా ట్యాంకులో పెట్రోలు రోజుకో గ్లాసుడు తగ్గిపోతోంది. నేల మీద మాత్రం చుక్క లేదు.

"దొంగతనం!" అన్నాడు డిటెక్టివ్ షెడ్డులో కాలు పెడుతూనే. "దీని వెనక పెద్ద ముఠా ఉంది."

"గ్లాసుడు పెట్రోలు కోసం ముఠానా?" అన్నాను.

"అదే వాళ్ల తెలివి. ఎవరికీ అనుమానం రాదు."

"ఒరేయ్, అది లీకురా," అంది అక్క. "నేను బిగించిన జాయింట్లన్నీ చూసుకున్నాను, పొడిగా ఉన్నాయి. ఎక్కడ కారుతోందో తేలకపోతే రేపు ఆయన్ని రావద్దని చెప్పాలి."

"తేలిగ్గా తీసుకోకక్కా. బావగారూ! మొన్న సాయంత్రం ఎక్కడున్నారు?"

అక్క భర్త ప్లంబరు. నెమ్మదైన మనిషి. పానాల సంచీ పక్కన నిలబడి ఉన్నాడు.

"ఇక్కడే. మీ అక్కకి టార్చి పట్టుకున్నాను."

"ఎందుకు పట్టుకున్నారు?"

"చీకటిగా ఉందని."

డిటెక్టివ్ నోటుబుక్కులో 'చీకటి వ్యవహారం' అని రాసుకున్నాడు. తర్వాత వేలిముద్రలు తీస్తానంటూ మొహానికి రాసుకునే పౌడరు డబ్బా పట్టుకుని విమానంలోకి దూరాడు. ట్యాంకు సీటు వెనకాల ఉంది. తల పట్టింది, భుజాలు పట్టాయి, నడుము పట్టలేదు.

"ఇరుక్కున్నావా?" అన్నాను.

"ఇరుక్కోలేదు. మాటు వేశాను."

ఆ మాట అంటుండగానే పౌడరు ముక్కులోకి పోయింది. ఆ తుమ్ముకి షెడ్డు రేకులు అదిరాయి. డబ్బా మూత ఎగిరిపోయి విమానం లోపలంతా తెల్లటి పొగ కమ్మింది. నేనో కాలు, బావగారో కాలు పట్టుకుని వాణ్ని బయటికి లాగాం.

పొగ తగ్గాక అక్క లోపలికి టార్చి వేసింది. గొట్టాలూ బోల్టులూ అన్నీ పిండి చల్లినట్టు తెల్లగా ఉన్నాయి. ట్యాంకు అడుగున, ఓ మూల, గొట్టం మలుపులో బిగించే ఒక్క ఎల్బో చుట్టూ మాత్రం పౌడరు తడిసి నీలంగా మారింది.

"నీలి వేలిముద్ర!" అని అరిచాడు డిటెక్టివ్. సిరా అంటిన నా వేళ్లకేసి చూశాడు. "నువ్వా! పాతికేళ్లు పాముని పక్కలో పెట్టుకున్నానా? చేతులెత్తు!"

ఎత్తాను. వాడితో ఇది నాలుగోసారి.

అక్క వేలితో తడి తీసి వాసన చూసింది. "సిరా కాదురా, పెట్రోలు. విమానం పెట్రోలుకి నీలం రంగు కలుపుతారు. కొంచెం కొంచెంగా ఊరి, కింద పడేలోపే ఆవిరైపోతోంది." టార్చి ఇంకా దగ్గరగా పెట్టి చూసింది. "ఏవండీ, ఈ ఎల్బో నేను బిగించలేదే."

బావగారు తల దించుకున్నాడు. "నీకు క్లినిక్కులో ఆలస్యమైన రోజు, సాయం చేద్దామని నేనే బిగించాను. ముప్ఫై ఏళ్లలో నేను టేపు చుట్టిన కుళాయి ఒక్కటీ కారలేదు."

అక్క ట్యాంకు ఖాళీ చేసి ఎల్బో విప్పింది. మర నిండా ప్లంబర్లు చుట్టే తెల్ల టేపు. ఇంజను ముందున్న ఫిల్టరు కూడా విప్పి అరచేతిలో దులిపింది. వెంట్రుకల్లాంటి తెల్ల పోగులు మూడు రాలాయి.

"నీళ్లకైతే టేపు సరిపోతుందండీ. ఇక్కడ పోగులు ఊడి పెట్రోలుతో పాటు పోతాయి. గాల్లో ఉండగా ఇవి అడ్డుపడితే..."

బావగారు పానాల సంచీ మీదే కూలబడ్డాడు. "అందులో ఎక్కేది నువ్వు," అన్నాడు మెల్లగా.

అక్క ఎల్బోని శుభ్రంగా తుడిచి, ఓ చిన్న ట్యూబుతో సహా ఆయన చేతిలో పెట్టింది. "మళ్లీ మీరే బిగించండి. మర మీద ఈ పేస్టు రాయాలి. మొదటి రెండు చుట్లు వదిలెయ్యండి, లేకపోతే ఇదీ లోపలికి పోతుంది."

"నేనా?"

"చెయ్యి మంచిదేనండీ. మందే మార్చాలి."

ఆయన రెండు చుట్లు లెక్కపెట్టి వదిలి, పేస్టు రాసి, బిగించాడు. మూడుసార్లు తుడిచి చూసుకున్నాడు.

"నేను మొదట్నుంచీ బావగారినే అనుమానించాను," అన్నాడు డిటెక్టివ్.

"నేను చేతులు దించొచ్చా?" అన్నాను.

మర్నాడు ట్యాంకులో పెట్రోలు పోసినంతా పోసినట్టే ఉంది. తనిఖీ ఇంజనీరు ఆ మూలలోకి వంగి చూసి ఆశ్చర్యపోయాడు. "ఇంత లోపలి లీకు ఎవరు పట్టుకున్నారమ్మా?"

"మా తుమ్ముడండి," అంది అక్క.

"తమ్ముడా?"

"కాదండీ. తుమ్ముడే."

ఆవిడ నోరు జారిందనుకుని ఆయన సంతకం పెట్టేశాడు. మా డిటెక్టివ్ మాత్రం కాలరు సర్దుకుని, "అంతా పుట్టుకతో వచ్చిన ముక్కండి," అన్నాడు.