దిగని విమానానికి టర్బో

బొల్లిముంత సువర్చల తాను సొంతంగా కట్టుకున్న విమానం ఎక్కి నాలుగేళ్లయింది. దిగడానికి అనుమతి రానందువల్ల ఇంకా గుంటూరు మీదే తిరుగుతోంది. ఆమె పాలిటెక్నిక్‌లో మెకానికల్ లెక్చరర్. పాఠాలు ఆగలేదు, రేడియోలో చెబుతోంది. భర్త బసవేశ్వరరావు డాబా మీద గిలక బిగించి పొద్దున టిఫిను, సాయంత్రం పెట్రోలు పైకి పంపుతాడు. తాడు చాలనప్పుడు ఇరుగుపొరుగు వాళ్లు బట్టలారేసే తాళ్లు విప్పి ఇస్తారు.

అనుమతి రాకపోవడానికి కారణం సబబైనదే. ఆమె ఎగిరిన రోజుకు ఎగరడానికి అనుమతి చేతికి అందలేదు. "రికార్డు ప్రకారం మీరు నేల మీదే ఉన్నారమ్మా," అని గగన విభాగం అధికారి పానకాలరావు రేడియోలో మర్యాదగా వివరించాడు. "నేల మీదున్న మనిషిని ఎట్టా దింపమంటారు?" అనుమతి లేకుండా దిగితే విమానాన్ని తునాతునకలు చేసి పాత ఇనుముకింద అమ్మేస్తారు. పదేళ్లు కష్టపడి కట్టుకున్న విమానం. అందుకే ఆమె దిగలేదు.

ఈ వేసవిలో కొత్త చిక్కు వచ్చింది. విమానం నీడ పడి కళ్లాల్లో మిరపకాయలు ఎండటం లేదని రైతులు ఫిర్యాదు చేశారు. నీడ పలచబడేంత ఎత్తుకు పొమ్మని విభాగం ఉత్తర్వు ఇచ్చింది.

ఆమెది పాత కారులోంచి తీసిన రోటరీ ఇంజిన్. అందులో పిస్టన్లుండవు, మూడు మూలల రోటరు గిర్రున తిరుగుతుంది. చిన్నదైనా గట్టిది. కానీ పైకి పోయేకొద్దీ గాలి చాలక ఆయాసపడింది.

"ఏమండీ, టర్బో పెట్టాలి," అంది సువర్చల రేడియోలో. "అది పొగ వేగంతో తిరిగి, ఇంజిన్‌లోకి గాలి కూరుతుంది."

"లారీ టర్బో ఒకటి దొరికిద్ది. కానీ మన ఇంజిన్ పొగ నిప్పుల కొలిమి గదా, కరిగిపోద్దేమో?"

"స్టీలు క్యారేజీ గిన్నెలు విప్పి చుట్టూ కవచం కడతా. పంపించండి."

ఇంజిన్ ఆపితే గానీ టర్బో బిగించడం కుదరదు. ఆపితే విమానం జారుతుంది. నేల తాకేలోగా పని పూర్తి కావాలి. ఆదివారం మధ్యాహ్నం ఊరంతా డాబాలెక్కింది. చప్పుడు ఆగింది. సువర్చల నడుముకు తాడు కట్టుకుని రెక్క మీద పాకుతూ ముందుకు వెళ్లింది. విమానం కొబ్బరిచెట్ల ఎత్తుకు దిగింది. పానకాలరావు కూడా ఆఫీసు డాబా ఎక్కి చూస్తున్నాడు.

"సువర్చలా, ఇక వదిలేసి దిగిపో! ఇనుముకిందే పోనీ!" అని బసవేశ్వరరావు అరిచాడు.

"ఒక్క బోల్టండీ," అందామె.

ఇంజిన్ దగ్గింది. తర్వాత ఈల వేసింది. విమానం డాబాల మీద గుడ్డలన్నీ ఎగరగొడుతూ నిటారుగా లేచిపోయింది. కాసేపట్లో నీడ ఈగంత అయింది. జనం చప్పట్లు కొట్టారు. బసవేశ్వరరావు గిలక తాడుకు ఇంకో తాడు ముడి వేశాడు.

ఆ సాయంత్రం పానకాలరావు స్వయంగా రేడియో అందుకున్నాడు. "నా సర్వీసులో ఇంత గొప్ప పని చూళ్లేదమ్మా!"

"సంతోషమండీ. మరి నేను దిగే సంగతి?"

"అదే చెప్పబోతున్నా. పైవాళ్లతో మాట్లాడా. ఇంత బాగా ఉండగలిగిన మనిషిని దింపాల్సిన అవసరం లేదని తేల్చారు. మీ దరఖాస్తు గౌరవంగా మూసేశాం."

సువర్చల రేడియోను ఇంటివైపు తిప్పింది.

"ఏమండీ," అంది భర్తతో. "ఇక్కడ చలిగా ఉంది. రేపు దుప్పటి పంపించండి."

ఇప్పుడు ఆ ఊళ్లో అత్తలు కొత్త కోడళ్లను డాబా ఎక్కించి, ఆకాశంలో ఆ చుక్కను చూపిస్తారు. "చూడు, ఎంత ఓర్పో! ఒక్కనాడైనా దిగుతానందా?" అంటారు. కోడళ్లు చేతులు జోడించి దణ్ణం పెట్టి, వంటింట్లోకి వెళతారు.