దొరగారి స్నానం

దర్జీ ఆ పొద్దున కొట్టు ఓ గంట ఆలస్యంగా తీద్దామనుకున్నాడు. ఆ గంటలో తోడల్లుడి పందిని రహస్యంగా కొలిచి వచ్చేయాలని అతని ఆలోచన.

ఆరు నెలల కిందట ఒకే ఈతలో పుట్టిన రెండు పంది పిల్లల్ని తోడల్లుళ్లిద్దరూ చెరొకటి తెచ్చుకుని, మాంసానికని ఇంటి వెనక దొడ్లో పెంచుతున్నారు. వీధి చివరి మాంసం కొట్టాయన ఆ సాయంత్రం వచ్చి రెండూ చూస్తానన్నాడు. ఏది బాగుంటే అది తీసుకుంటాడు. ఇక మీదట తన కొట్టుకి పందుల్ని పెంచే పని కూడా ఆ ఇంటివాళ్లకే ఇస్తాడు.

దర్జీకి ఆ పని మీద కన్నా తోడల్లుడి పంది మీదే ధ్యాస ఎక్కువ. తోడల్లుడు ఎలక్ట్రీషియన్. వేసవి రాగానే పందికి ఫ్యాను బిగించాడు. ఆ రోజు నుంచి దర్జీకి తిన్నది ఒంటబట్టలేదు. రెండిళ్ల మధ్య గోడ మీంచి ఎప్పుడు తొంగిచూసినా అది తన పందికి రెండింతలు కనిపించేది. పైగా దర్జీ భార్య దానికి ‘దొరగారు’ అని పేరు పెట్టింది. ఇంట్లో ఆ పేరే స్థిరపడిపోయింది. దాన్ని పెంచుతున్న ఆవిడ చెల్లెలికీ మరిదికీ మాత్రం ఈ సంగతి తెలియదు.

తోడల్లుడు పనికీ, మరదలు పోస్టాఫీసుకీ వెళ్లాక దర్జీ వెనక సందులోంచి వాళ్ల దొడ్లో దూరాడు. దొరగారు ఫ్యాను కింద పడుకున్నారు. టేపు మెల్లగా పొట్ట కిందనుంచి పోనిచ్చి, పైన ముడేశాడు. అంకె చూసేలోపు టేపు చివరి ఇనప ముక్క చల్లగా పొట్టకి తగిలింది. దొరగారు లేచారు. గడియ వేయని తలుపులోంచి సందులోకి, సందులోని బురద కాలవలోకి, అక్కణ్ణించి ఉడుకుతున్న తవుడు వాసన పట్టుకుని సరాసరి దర్జీ దొడ్లోకి వెళ్లిపోయారు.

“ఇదేంటండీ, దొరగారు ఇటొచ్చారు? దాని పొట్టకి మీ టేపేంటి?” అంది భార్య.

“తాడు దొరకలేదు. మీ మరిది దొడ్డి కడిగిస్తున్నాడట. ఇవాళంతా కాస్త చూసుకోమన్నాడు,” అన్నాడు దర్జీ ఆయాసపడుతూ.

చెల్లెలు తనతో ఒక్క మాటైనా చెప్పలేదని ఆవిడకి ఉక్రోషం వచ్చింది. అయినా పందికి పెట్టింది, బురద కడిగింది. ఆ తరవాతే ఫోను తీసింది.

“ఏమే, మీ దొరగారు మా ఇంట్లో ఉన్నారు. వచ్చీ రాగానే తిండి మీద పడ్డారు. పొద్దున ఏం పెట్టావో ఏమో. ఇప్పుడే స్నానం చేయించాను.”

కౌంటరులో ముద్రలు వేస్తున్న చెల్లెలి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. “ఎవరు, నువ్వా?”

“నేను కాక మీ బావ చేయిస్తారా? వీపు రుద్దుతుంటే కళ్లు మూసుకుని ఎంత హాయిగా ఉన్నారో. నువ్వెప్పుడూ రుద్దవా ఏం?”

చెల్లెలు ఫోను పెట్టేసి మొగుడికి చేసింది.

“ఎక్కడున్నారు?”

“నిచ్చెన మీద.”

“ఎవరింటి నిచ్చెన? మా అక్క రుద్దితేగానీ మీ వీపుకి హాయిగా ఉండదా?”

అతనికి ఏమీ అర్థం కాలేదు. ఇంట్లో ఏదో జరిగిందని మాత్రం తోచి, నిచ్చెన దిగి ఇంటికి పరిగెత్తాడు.

భార్య ఫోను చేసిందని తెలియగానే దర్జీకి చెమటలు పట్టాయి. పందిని వెంటనే వెనక్కి చేర్చాలని తవుడు బకెట్టుతో దొడ్లోకి వెళ్లాడు. పక్కపక్కన రెండు పందులు. ఒకే తల్లి పిల్లలు, ఒకే రంగు. దొరగారు కడుపు నిండి పడుకుని ఉన్నారు. దర్జీ ఒక్క నిమిషం ఆలోచించి, తన పందికి బకెట్టు చూపించి సందులోకి నడిపించాడు. దాన్ని ఫ్యాను కింద వదిలి ఇంటికొచ్చేసరికి మరదలు గుమ్మంలో ఉంది.

“ఎక్కడున్నారక్కా?”

“వెనకాల పడుకున్నారు. మెల్లగా వెళ్లు, లేస్తారు.”

మరదలు తలుపు తోసుకుని వెళ్లి, దొడ్లో గురక పెడుతున్న పందిని చూసి అక్కడే చతికిలబడింది. “ఇదా?”

“మరి ఎవరనుకున్నావు?”

ఆమె చెంగుతో మొహం కప్పుకుంది. అక్కకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం కందిపోయింది.

“మీ ఆయనకి నేను స్నానం చేయించడమేంటే?”

సరిగ్గా ఆ మాటకే మెళ్లో వైరు చుట్టతో తోడల్లుడు లోపలికొచ్చాడు. “నేను పొద్దున్నే చేశాను వదినా,” అన్నాడు బెరుగ్గా.

“నీ గురించి కాదయ్యా. మీ పందిని మా ఇంటికి పంపావు కదా?”

“నేనెక్కడ పంపాను? మా పంది దొడ్లోనే ఉంది. ఇప్పుడే చూసొస్తున్నాను.”

ఆవిడ దొడ్లో మిగిలిన ఒక్క పందిని చూసి, మొగుడి వైపు చూసింది. దర్జీ ఆకాశం వైపు చూశాడు. మొగుడి పరువు చెల్లెలి ముందు తీయలేక, “అయితే నేనే పొరబడ్డాను. ఇది మాదే,” అంది.

సాయంత్రం మాంసం కొట్టాయన ముందు తోడల్లుడి దొడ్డి చూసుకుని, అతన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. దర్జీ దొడ్లోని పంది నడుమూ తొడలూ నొక్కి చూశాడు.

“ఇదంతా కొవ్వేనయ్యా. కదలకుండా పడుకుని పెరిగింది. అక్కడిది గట్టి కండ. బరువులో కూడా ఇది దానికి చాలదు. వారంలో వచ్చి దాన్నే తీసుకెళ్తాను. పెంపకమంటే అలా ఉండాలి. ఏం మేపావయ్యా?”

“అందరూ మేపేదే,” అన్నాడు తోడల్లుడు సిగ్గుపడుతూ. “నిజం చెప్పాలంటే, అన్నయ్య పందిని చూసి కుళ్లుకుని ఫ్యాను పెట్టాను. గోడ మీంచి ఎప్పుడు చూసినా మాదానికి రెండింతలు కనిపించేది.”

దర్జీ నోరు తెరిచాడు. భార్య చూస్తోంది. మళ్లీ మూసుకున్నాడు.

ఆ వారమంతా అతను రోజూ తోడల్లుడి దొడ్డికి వెళ్లి, ఆ పంది పక్కన కాసేపు కూర్చుని, వీపు నిమిరి వచ్చాడు.

“బావగారికి మనమంటే కుళ్లనుకున్నాను,” అంది మరదలు మొగుడితో. “మన పందిని సొంత పందిలా చూసుకుంటున్నారు, పాపం.”