పాలరాతి పుట్టుమచ్చ

ఆ రోజుకి కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే లేవాలి. నోరు ఉత్త నీళ్ళతో బాగా పుక్కిలించాలి. కాఫీ తాగకూడదు, టిఫిను ముట్టకూడదు, వీలైనంతవరకు ఎవరితోనూ మాట్లాడకూడదు. తిన్నగా మ్యూజియానికి వెళ్ళి పాలరాతి దొరసాని బుగ్గ మీది మరక తుడిచెయ్యాలి. ఇందులో కష్టమైన సంగతి ఒక్కటే: ఆ ఇంట్లో అత్తగారు ఉన్నారు.

కోడలి ఉద్యోగం గురించి ఒక ముక్క చెప్పాలి. యూరపు నుంచీ అమెరికా నుంచీ వచ్చిన శిల్పాలూ, పాతకాలపు కుర్చీలూ, బల్లలూ ఉండే మ్యూజియం అది. వాటికి పట్టిన మురికి వదిలించడం ఆమె పని. పాత పాలరాతికి సబ్బు పడదు, పులుపు అసలే పడదు. లోకంలో ఈ పని చేసేవాళ్ళందరికీ తెలిసిన మెత్తని మందు ఒకటుంది. దాని పేరు ఉమ్మి. పుల్లకి దూది చుట్టి, నోట్లో తడిపి, రాతి మీద దొర్లించి, పారేసి, ఇంకో పుల్ల తీసుకుంటారు. అయితే ఆ తడిలో కాఫీ రంగూ కూర జిడ్డూ ఉండకూడదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఊరి సంగతేమో గాని రాయి మాత్రం అవుతుంది.

ఈ రహస్యం ఆమె ఇంట్లో చెప్పలేదు. రుచి చూసిన గరిటె మళ్ళీ గిన్నెలో పెడితే ఆ గిన్నెనే కడిగించే అత్తగారికి, "నేను దొరసానులకి ఎంగిలి పూస్తానండీ" అని ఏ కోడలు చెప్పగలదు? అందుకని "అదొక విదేశీ ద్రావణం అత్తయ్యా" అని ఊరుకుంది. అత్తగారు ఆ ద్రావణాన్ని వీధి వీధంతా పొగిడి వచ్చారు.

ఇక దొరసాని సంగతి. తలా భుజాలూ మాత్రమే ఉన్న ఇటలీ శిల్పం అది. ఒక పెద్దావిడ దాన్ని కొన్నేళ్ళ గడువు పెట్టి మ్యూజియానికి ఎరువిచ్చింది. గడువు అయిపోయింది. శాశ్వతంగా ఇచ్చెయ్యడమా, ఇంటికి పట్టుకుపోవడమా అన్నది ఆవిడ ఆ రోజు వచ్చి, చూసి, తేలుస్తానంది. బొమ్మ ఉంటే కోడలి తాత్కాలిక ఉద్యోగం ఖాయమవుతుంది. బొమ్మ పోతే ఆ నెలతో ఆమె ఉద్యోగమూ పోతుంది. మొహమంతా వెన్నలా తేలింది గాని, ఎడమ బుగ్గ మీద కందిగింజంత గోధుమరంగు మరక మాత్రం మొండికేసి కూర్చుంది. దాన్ని ఆఖరి రోజుకి అట్టే పెట్టింది.

"కాఫీ చల్లారిపోతోందమ్మా" అన్నారు అత్తగారు.

కోడలు వద్దన్నట్టు తల ఊపింది.

"పోనీ టిఫినన్నా తిను."

మళ్ళీ తల ఊపింది.

"ఒంట్లో బాగాలేదా?"

కోడలు పెదవులు విప్పకుండా, నోరు ఎండిపోకుండా, చాలా వినయంగా నవ్వి వెళ్ళిపోయింది. కొంప ముంచింది ఆ నవ్వే.

అంతకుముందు రాత్రి భోజనాల దగ్గర "కూరలో ఉప్పు కాస్త ఎక్కువైనట్టుందే" అని అత్తగారు ఒక మాట అన్నారు. మరక ధ్యాసలో ఉన్న కోడలు అది వినను కూడా లేదు. అన్నవాళ్ళు మాత్రం మరిచిపోలేదు. కోడలు గుమ్మం దాటగానే అత్తగారు కొడుక్కి ఫోను చేశారు.

"ఒరేయ్, మీ ఆవిడ అలిగి తిండి మానేసింది."

"అలగడం కాదమ్మా, ఏదో పని హడావుడిలో ఉండుంటుంది."

"నాకు చెప్పొస్తున్నావా? మీ నానమ్మ మీద అలిగినప్పుడు నేనూ అచ్చం అలాగే నవ్వేదాన్ని!"

ఇక ఆవిడ ఆగలేదు. క్యారేజీలో అన్నం కూర సర్దారు. ఈసారి ఉప్పు తనే చూసి వేశారు. కోడలికి ఇష్టమని పాలు లేని కాఫీ ఫ్లాస్కులో పోశారు. చెప్పులు వేసుకుని బయలుదేరారు.

మ్యూజియంలో మరమ్మతు గదిలో కోడలి నోరు ఎడారిలా ఉంది. డైరెక్టరు తలుపు దగ్గర నిలబడి "అయిందా అమ్మా?" అని అడిగిన కొద్దీ ఉన్న కాస్త తడీ ఆరిపోతోంది.

"రావట్లేదు సార్. కంగారుకి నోరెండిపోయింది."

"ఎండిపోతే ఎలాగమ్మా? ఆవిడ వచ్చే వేళయింది! పోనీ, ఈ ఒక్కసారికి నేనేమన్నా..."

"మీరు పొద్దున్న ఏం తిన్నారు సార్?"

"ఉల్లిపాయ ఆమ్లెట్టు."

"వద్దు సార్."

డైరెక్టరు చదువుకున్న మనిషి, కళల మీద రెండు పుస్తకాలు రాసినవాడు. ఆయన క్యాంటీనుకి పరుగెత్తి నిమ్మకాయ తెచ్చి, ఆమె కళ్ళముందే కోసి, చెక్కని గాల్లో పిండాడు. ఇద్దరికీ నోట్లో నీళ్ళూరాయి. కోడలు గబగబా పుల్ల తడిపింది, మరక మీద దొర్లించింది. ఒక పుల్ల, రెండో పుల్ల. దూది గోధుమరంగుకి తిరిగింది. మరక అంచులు కరిగాయి, నడిమి భాగం కరిగింది, కింది నుంచి తెల్లటి బుగ్గ బయటపడింది. కోడలికి ఏడుపొచ్చినంత సంతోషం వేసింది. ఇంత కాలం వంగి పనిచేసిన నడుం నొప్పి కూడా కాసేపు తెలియలేదు.

"బంగారుతల్లివి!" అన్నాడు డైరెక్టరు, నిమ్మచెక్క జేబులో పెట్టుకుంటూ.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర మీసాల కాపలాదారు అత్తగారిని ఆపాడు.

"తినే వస్తువులు లోపలికి తీసుకెళ్ళకూడదమ్మా."

"పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు నాయనా మా కోడలు. రేపు దాని ప్రాణం మీదకొస్తే నువ్వొచ్చి చూస్తావా?"

కాపలాదారుకి ప్రాణం అన్న మాట తప్ప ముందూ వెనకా ఏమీ బుర్రకెక్కలేదు. ఆవిడకి దారి వదిలేసి డైరెక్టరుకి ఫోను చేశాడు: "సార్, ఎవరికో ప్రాణం మీదకొచ్చిందట, గేటు దగ్గరికి రండి!" డైరెక్టరు వెనక మెట్లమీదుగా గేటుకి పరుగెత్తాడు. అక్కడ ప్రాణాలన్నీ క్షేమంగానే ఉన్నాయి. ఆయన అటు వెళ్ళిన సమయంలో పెద్దావిడ కారు ముందు ద్వారం దగ్గర ఆగింది. ఎదురెళ్ళి ఆహ్వానించే నాథుడు లేకపోవడంతో ఆవిడ తనంతట తనే లోపలికి వచ్చింది.

అప్పటికి అత్తగారు కుర్చీల హాలు దాకా వచ్చి మోకాళ్ళు పట్టేసి ఆగారు. ఎదురుగా ఫ్రాన్సు నుంచి వచ్చిన కుర్చీ ఉంది. బంగారు పూత కాళ్ళు, పట్టు మెత్త. ఎవరూ కూర్చోకుండా దానికి ఎప్పుడూ తాడు అడ్డం కట్టి ఉంటుంది. పెద్దావిడ వస్తోంది, బాగా కనబడాలని ఆ పూట డైరెక్టరే విప్పించాడు. కుర్చీ ఉన్నది కూర్చోడానికే గదా అని అత్తగారు కూర్చున్నారు.

అంత దర్జాగా కూర్చుందంటే ఈ సంస్థలో పెద్ద అధికారే అయ్యుంటుందనుకుంది పెద్దావిడ. పక్కనున్న అమెరికా ఊగుడు కుర్చీలో తనూ కూలబడింది.

"మీకూ మోకాళ్ళేనా?" అంది ఊగుతూ.

"మోకాళ్ళే వదినగారూ. ఏం చెప్పను!"

"మా తాతగారి బొమ్మ చూసుకుందామని వచ్చాను. శుభ్రం చేస్తున్నారట. ఏం మందు పెడుతున్నారో ఏమో, భయంగా ఉంది."

"ఆ చేసేది మా కోడలే! మీకెందుకండీ భయం? అది విదేశీ మందు. చుక్క పడితే చాలు. అంత పవిత్రమైంది, కళ్ళకి అద్దుకోవచ్చు."

గేటు నుంచి వగరుస్తూ వచ్చిన డైరెక్టరుకి ఈ దృశ్యం కనిపించింది. ఆయన పుట్టకముందు నుంచీ ఆ కుర్చీల్లో మనిషన్నవాడు కూర్చోలేదు. అత్తగారిని లేవమంటే పెద్దావిడని కూడా లేవమన్నట్టవుతుంది. ఆయన గొంతులోకి వచ్చిన కేకని దిగమింగి, చేతులు జోడించి, "దయచేయండి, దయచేయండి" అన్నాడు.

ముగ్గురూ మరమ్మతు గది వైపు నడిచారు. అద్దాల తలుపులోంచి లోపల కోడలు కనిపిస్తోంది. ఆఖరిసారి మెరుగు పెడుతోంది. పుల్ల నోట్లో పెట్టుకోవడం, తీయడం, ఇంకోటి పెట్టుకోవడం. అత్తగారు అద్దానికి మొహం ఆనించి చూశారు.

"అయ్యయ్యో! ఆకలికి ఆగలేక పిల్ల దూది తింటోంది!"

ఆవిడ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళారు. వెనకే డైరెక్టరు, ఆయన వెనకే పెద్దావిడ. పెద్దావిడ చూపు మాత్రం కోడలి మీద లేదు, దూది మీద లేదు. తిన్నగా దొరసాని ఎడమ బుగ్గ మీదికి వెళ్ళి అక్కడ ఆగిపోయింది.

"ఇది మా బొమ్మ కాదు" అంది.

"అదేమిటండీ, మీదే!" అన్నాడు డైరెక్టరు.

"మా దొరసానికి పుట్టుమచ్చ ఉంది. ఇక్కడ, ఈ బుగ్గ మీద. మా తాతగారు నన్ను ఎత్తుకుని ఆ మచ్చ మీద వేలు పెట్టించేవారు. ఈ మొహం మీద ఏదీ? మచ్చ ఏదీ?"

కోడలు చెత్తబుట్ట వైపు చూసింది. ఆ పుట్టుమచ్చ చెత్తబుట్టలో ఉంది, దూది రూపంలో.

పెద్దావిడ డైరెక్టరు వైపు తిరిగింది. "అసలుది ఎక్కడ దాచారు? ఎవరికి అమ్మారు? మర్యాదగా మా బొమ్మ మాకు తెచ్చివ్వండి. లేకపోతే పోలీసుల్ని పిలుస్తాను. ఇన్నేళ్ళూ మీ చేతుల్లో పెట్టాను చూడండి, నాదీ బుద్ధి తక్కువ!" అంటూ ఆవిడ చూపుడు వేలిని రెండో చేతి గుప్పిట్లో బిగించి పట్టుకుంది. అది కోపం కాదు. తాతగారి వేలూ తన వేలూ కలిసి తాకిన చోటు పోయిందన్న దుఃఖం.

ఈ గొడవంతా అత్తగారికి పట్టలేదు. కోడలి మొహం తెల్లబోవడం ఒక్కటే ఆవిడ చూశారు. పడిపోతోందనుకున్నారు. ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి నోటికి ఆనించారు. "ఉప్పు మాట నా తప్పే తల్లీ! ఇంకెప్పుడూ అనను. తాగు ముందు."

"అత్తయ్యా, ఇప్పుడు కాదు..."

"తాగుతావా లేదా?"

కోడలు ఒక గుక్క తాగింది. తాగి, ఏం చెయ్యాలో తోచక, చెయ్యి ఖాళీగా ఉండలేక, అలవాటు చొప్పున పుల్ల అందుకుంది. నోట్లో పెట్టింది. తీసింది. పొద్దుట్నుంచీ చెయ్యి పదేపదే వెళ్ళిన చోటికే మళ్ళీ వెళ్ళి ఆనింది. పాత పాలరాయికి దాహం ఎక్కువ. కాఫీని చటుక్కున పీల్చేసింది. ఎడమ బుగ్గ మీద, కందిగింజంత, గోధుమరంగు.

పెద్దావిడ భుజం మీదుగా అంతా చూసిన డైరెక్టరు గుడ్లప్పగించాడు. ఆయన చూపు ఎటుందో చూసి పెద్దావిడ కూడా వెనక్కి తిరిగింది. సంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. దగ్గరగా వంగింది.



"అద్దాలు పెట్టుకోలేదు నేను" అంది ఆవిడ చిన్నగొంతుతో. "ఎంత మాటన్నాను! మచ్చ ఉంది. మొహమంతా కడిగినట్టుంది, మచ్చ మాత్రం చెక్కు చెదరలేదు. ఎంత జాగ్రత్తగా చేశావమ్మా!"

కోడలికి సిగ్గేసింది. తీసినందుకు పోవలసిన ఉద్యోగం, తిరిగి పెట్టినందుకు నిలబడుతోంది. ఇది న్యాయం కాదు, చెప్పెయ్యాలి. "అమ్మా, నిజానికి ఆ మచ్చ..." అని నోరు తెరిచింది.

అత్తగారు ఆ నోట్లో అన్నం ముద్ద పెట్టేశారు. "ముందు తిను. కబుర్లు తర్వాత."

"తిననివ్వండి పాపం" అంది పెద్దావిడ, కళ్ళొత్తుకుంటూ. "మా తాతగారు రోజూ పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని దీని ఎదురుగా కూర్చునేవారు. ఒక చేత్తో కప్పు, ఒక చేత్తో బుగ్గ నిమరడం. తమ చిన్నప్పుడు ఆ మచ్చ అంతగా కనబడేది కాదని మా మేనత్తలు అనేవారు. రానురానూ ముదిరిందట. అదృష్టం గదా!"

కోడలు, డైరెక్టరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కోడలు ముద్ద నమిలి మింగింది. చెప్పదలచుకున్న మాట కూడా దాంతోపాటే లోపలికి పోయింది.

పెద్దావిడ బొమ్మని శాశ్వతంగా ఇచ్చేసింది. ఒక్కటే షరతు: ఆ మచ్చని కంటికి రెప్పలా కాపాడేందుకు ఈ అమ్మాయినే ఉద్యోగంలో స్థిరంగా ఉంచాలి. డైరెక్టరు ఆనందంతో జేబులో చెయ్యి పెట్టి రుమాలనుకుని నిమ్మచెక్కతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన కన్నీళ్ళు చూసి పెద్దావిడ ఇంకా కరిగిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో కోడలు అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఉప్పు మాట తను విననేలేదని చెప్పింది. విదేశీ ద్రావణం అంటే ఏమిటో కూడా చెప్పింది. అత్తగారు గబగబా వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చారు.

"మరి నేను ఆవిడతో కళ్ళకద్దుకోవచ్చని అన్నానే!" అన్నారు చివరికి. ఆలోచించి, "సర్లే, అయిందేదో అయింది. ఇంట్లో బల్లలు మాత్రం తడిగుడ్డతోనే తుడువు" అన్నారు.

కొన్నాళ్ళకి పెద్దావిడ కబురు పంపింది, మనవల్ని తీసుకొచ్చి మచ్చ చూపిస్తానని. కోడలు ఆ రాత్రి దిగాలుగా కూర్చుని, మచ్చ రోజురోజుకీ వెలిసిపోతోందని చెప్పింది.

అత్తగారు ఫ్లాస్కు కడిగి బోర్లిస్తూ, "ఈసారి కాస్త చిక్కగా కాస్తానులే" అన్నారు.