రైలుపట్టా ముక్కతో సన్మానం

నరాన్ని నరంగానే ఫొటో తీయగల ఎమ్మారై యంత్రం భిలాయిలోని సుపేలాలో వెలసినందుకు అక్కడి మన తెలుగువారు ఎంతో గర్వించారు. నరాలు అందరికీ ఉన్నా, తొలి రోగి తెలుగువాడే కావడం సామాన్యమా మరి!

ఆ భాగ్యశాలి నూకరాజు. ఉక్కు ప్లాంటులో రైలుపట్టాలు తయారుచేసి, రిటైరై, ఆ ఊళ్ళోనే మరోదాలో ఉంటున్నాడు. తుంటి నుంచి మడమ దాకా ఎడమకాలిలో నిప్పు పాకినట్టుంటుంది, కూర్చుంటే మరీను. మామూలు ఎమ్మారై వెన్నును చూసి ఏ దోషమూ లేదంది. తుంటినరం దారిపొడవునా ఎక్కడ నలుగుతోందో కొత్త యంత్రమే చూపాలనీ, ఆలస్యమైతే పాదం ఇక పైకి లేవదనీ డాక్టరు హెచ్చరించాడు.

గది తలుపు మీద ‘లోపలికి ఇనుము తేరాదు’ అని బోర్డుంది. ఉక్కునగరంలో ఇనుముకే ప్రవేశం లేదనడం, ప్లాంటులో పెద్ద అధికారిగా రిటైరైన తెలుగు సంఘం అధ్యక్షుడు పరబ్రహ్మంగారి మనసును గాయపరచింది. సంఘంవారి సన్మానమంటే శాలువా, మెరుగుపెట్టిన రైలుపట్టా ముక్క. కొత్త పెళ్ళికొడుక్కీ అదే, రిటైరైనవాడికీ అదే. నూకరాజు యంత్రపు సొరంగంలో పడుకోగానే ఆ రెండింటితో ఆయన లోపలికి నడిచారు.

“సర్, అందర్ లోహా మత్ లాయియే!” టెక్నీషియన్ అడ్డుపడ్డాడు.

“జీవితమంతా ఇనుముతో కాపురం చేసినవాణ్ణి. ఇనుము గురించి నువ్వు నాకు చెప్తావా, భయ్యా?”

“బాబ్బాబు, నాకు సన్మానమొద్దండి. ఫొటో ఒక్కటి తీసీమనండి,” అంది సొరంగంలోంచి గొంతు. ఆ వినయానికి అందరూ మురిసిపోయారు.

ఇనుము మాత్రం ఎవరి మాటా వినలేదు. యంత్రంలోని అయస్కాంతం లాగగానే అధ్యక్షులవారి చేతుల్లోంచి ఎగిరి దాని మూతికి కరుచుకుపోయింది. యంత్రానికి తప్ప ఎవరికీ దెబ్బ తగలలేదు. దాన్ని బాగుచేయడానికి నెలలు పడుతుందట.

వారం తిరక్కుండానే, ఎగిరిన ముక్క తగలకుండా రోగికి ప్రాణాపాయం తప్పించినందుకు పరబ్రహ్మంగారికి సంఘం సన్మానం తలపెట్టింది. పాత ముక్క యంత్రాన్ని వదలనందున కొత్తది తెప్పించారు. నూకరాజుకు ముందువరసలోనే కుర్చీ. ఉపన్యాసం మధ్యలో అతడు కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు.

“ఏటయ్యా, లెగిసిపోనావు?” భార్య సూర్యావతి గుసగుసలాడింది.

“కూకోనేకపోతన్నానే. కాలు పీకేస్తంది.”

వెనకవాళ్ళకు ఆ మాట వినబడలేదు. సాక్షాత్తూ రోగే కృతజ్ఞతతో లేచి నిలబడ్డాక మనం కూర్చోవడం మర్యాదా? హాలంతా లేచింది. మనమూ లేచాం. చేతులు మండేదాకా చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్ల మధ్యనే నూకరాజు ఎడమపాదం ఈడ్చుకుంటూ బయటికి వెళ్ళాడు. దారి ఇవ్వడంలో మాత్రం మనం ఏ లోపమూ చేయలేదు.