గుసగుసల మౌఖిక పరీక్ష

ఆ ఉదయం రామచంద్రమూర్తి వేసుకున్న పథకంలో తొందరపడాల్సింది ఏమీ లేదు. ఎనిమిదింటికి పొదిలి శాఖా గ్రంథాలయం తలుపులు తీయాలి, పేపర్లు బల్ల మీద పరచాలి, తొమ్మిదిన్నరకు కంప్యూటరు ముందు మౌఖిక పరీక్షకు కూర్చోవాలి. పదకొండుకు తాళం వేసి ఇంటికెళ్ళి, పక్కింటి వెంకటేశ్వరమ్మ పంపే క్యారియర్ విప్పుకోవాలి.

అది 2008. గ్రంథపాలకులకు ఇంటర్నెట్‌లో ఇస్తున్న శిక్షణకు అదే చివరి రోజు. పరీక్ష గట్టెక్కితే, శిక్షణ కోసం తాత్కాలికంగా ఇచ్చిన కంప్యూటరు పొదిలిలోనే ఉండిపోతుంది. తప్పితే వేరే ఊరికి వెళ్ళిపోతుంది. టీచరు ఉద్యోగానికి చదువుతున్న నాగజ్యోతి, పాత ప్రశ్నపత్రాలు చూసుకోవడానికి మళ్ళీ ఒంగోలు బస్సెక్కాలి. అందుకే రామచంద్రమూర్తి వారం రోజులుగా జవాబులు వల్లెవేస్తున్నాడు.

తొమ్మిదిన్నరకు తెర మీద హైదరాబాదు నుంచి, శిక్షణ ఇస్తున్న శ్రీదివ్య మేడం కనిపించింది.

"నమస్తే సార్. నా మాట వినిపిస్తోందా?"

రామచంద్రమూర్తి ఒకసారి వెనక్కి చూశాడు. గోడ మీద, ఉద్యోగంలో చేరిన కొత్తలో తానే ఎర్రరంగుతో రాసిన 'నిశ్శబ్దం పాటించండి' బోర్డు ఉంది. దాని కింద చెంచయ్య పేపరు ముఖానికి అడ్డంగా పట్టుకుని గుంటూరు యార్డు మిర్చి ధరలు చదువుతున్నాడు. పాఠకుడు ఉండగా గ్రంథాలయంలో గొంతెత్తడం రామచంద్రమూర్తికి చేతకాదు. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"వినిపిస్తోందండి," అని గుసగుసలాడాడు.

"కొంచెం గట్టిగా చెప్పండి సార్."

"ఇంతకంటే గట్టిగా నావల్ల కాదండి."

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉందండి."

ఆ మాట శ్రీదివ్యకు మూలుగులా వినిపించింది. అయినా ప్రశ్న అడిగింది. "బోసిపోయిన గ్రంథాలయానికి జనాన్ని ఎలా రప్పిస్తారు సార్?"

సరిగ్గా ఆయన వల్లెవేసిన ప్రశ్నే. "మొదటగా..." అన్నాడో లేదో ఇంటర్నెట్ ఆగిపోయింది. హైదరాబాదు తెర మీద ఆయన కళ్ళు సగం మూసి, నోటి మీద చెయ్యేసుకుని, అలాగే బిగుసుకుపోయాడు. పొదిలిలో మాత్రం, అలవాటైన పనే కనుక, వైరు సర్దడానికి నిదానంగా బల్ల కింద దూరాడు.

శ్రీదివ్య కంగారుపడి ఆయన ఇంటి నంబరుకు ఫోన్ చేసింది. మొదటి క్లాసు రోజున ఇంటి నంబరు అడిగితే రామచంద్రమూర్తికి ఏం చెప్పాలో తోచలేదు. భార్య శ్యామలాంబ పోయాక ఆ ఇంట్లో ఫోన్ ఎత్తే మనిషి లేదు. చివరికి గ్రంథాలయానికి ఎదురుగా ఉన్న గౌస్ బాషా టీ కొట్టు నంబరు ఇచ్చాడు.

"రామచంద్రమూర్తి గారి ఇంట్లోవాళ్ళేనాండి?" అని అడిగింది శ్రీదివ్య.

గౌస్ బాషా ఒక్క క్షణం ఆలోచించాడు. రోజూ పొద్దున్నే ఆయనకు చక్కెర లేని టీ పట్టుకెళ్ళేది తనే.

"అవునమ్మా, చెప్పండి."

"ఆయనకి మాట రావట్లేదండి. కాస్త వెళ్ళి చూస్తారా?"

గౌస్ బాషా పాలు పొయ్యి మీదే వదిలేసి పరుగెత్తాడు. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులతోనే వెంటపడ్డారు. గుమ్మంలోంచి చూస్తే బల్ల కింద రెండు పాదాలు కనిపించాయి. సారు పడిపోయాడన్న కబురు బస్టాండు దాకా పాకింది. ఆటో యలమంద వచ్చాడు. మిరియాల కషాయంతో వెంకటేశ్వరమ్మ వచ్చింది. నాగజ్యోతి వచ్చింది. వాళ్ళ వెనక సగం బజారు వచ్చింది.

"ఏరా యలమందా, ఆటో దగ్గరికి తెచ్చావా?" అని అరిచాడు చెంచయ్య.

"మెట్ల దాకా తెచ్చా మామా. ఇంకా తెమ్మంటే తలుపు పీకాలి."

ఆ గోలకు రామచంద్రమూర్తి బల్ల కింద నుంచి బయటికి వచ్చాడు. అలవాటుగా పెదాల మీద వేలుంచి బోర్డు చూపించాడు.

"సైగలు చేస్తున్నాడు. మాట పోయింది పాపం," అన్నాడు చెంచయ్య, ఆ హాల్లో మొట్టమొదటిసారి గొంతు తగ్గించి.

కాదని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. వెంకటేశ్వరమ్మ అందులో కషాయం పోసేసింది. రోగి అడిగింది నిశ్శబ్దమే కనుక అందరూ దొరికిన చోటల్లా కూర్చున్నారు. ఊరికే కూర్చుంటే బాగుండదని తలా ఒక పుస్తకం తీసుకున్నారు.

"సార్, మేడం మళ్ళీ వచ్చారు," అంది నాగజ్యోతి.

తెర మీద శ్రీదివ్య. "ఎలా ఉంది సార్?"

మిరియాల ఘాటుతో ఎన్నడూ లేనంత గొంతు బయటికొచ్చింది. "నాకే జబ్బూ లేదు మేడం. చదువుకునేవాళ్ళకి ఇబ్బందని మెల్లగా మాట్లాడానంతే."

హాలంతా తలెత్తి చూసింది.

"బోర్డు మాకేనా సార్?" అన్నాడు చెంచయ్య.

శ్రీదివ్య చూపు ఆయన భుజం మీదుగా వెళ్ళింది. "వెనక వాళ్ళంతా ఎవరండి?"

పాఠకులని చెబితే సరిపోయేది. కంప్యూటరు నిలిచేది. అబద్ధమాడటానికి రామచంద్రమూర్తికి నోరు రాలేదు. "నాకేదో అయిందనుకుని వచ్చారండి. చదవడానికి కాదు."

"ఎందుకైతేనేం, వచ్చారు కదా సార్. నేను అడిగిందీ అదే. కంప్యూటరు మీ దగ్గరే ఉంటుంది." ఆమె ఏదో రాసుకుని మళ్ళీ అడిగింది. "ఇందాక ఫోన్‌లో వెనక టీ గ్లాసుల చప్పుడు వినిపించింది. ఇంటి నంబరు మార్చమంటారా?"

రామచంద్రమూర్తి వెనక్కి తిరిగాడు. పొయ్యి మీద పాలు మాడి, వాసన రోడ్డు దాటి వస్తోంది. గౌస్ బాషా ఆయన కుర్చీ పక్క నుంచి కదల్లేదు.

"వద్దండి. సరైన నంబరే," అన్నాడు రామచంద్రమూర్తి, మళ్ళీ గుసగుసగా.

నెల తర్వాత ధ్రువపత్రం వచ్చింది. మౌఖిక పరీక్షలో ప్రథమ శ్రేణి ఇచ్చి, పక్కన 'గొంతు స్పష్టంగా ఉంది' అని రాశారు.